బెరడు కింద రాత

ఓతీలియే కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివింది:
"మీ గుమ్మం నుంచి నూరడుగుల లోపల
ప్రాణమున్నదేదైనా సరే, పూసల్లో కుట్టండి.
గడువు, మంచు కరిగేదాకా."
గెలుపూ లేదు, ఓటమీ లేదు.
చివరి బుధవారం అన్నీ ఒకే బల్ల మీద పరిచి
గసాల రొట్టె కోసుకు తింటాం. అంతే పందెం.

గ్రంథాలయం వెనక గదిలో ఏడుగురం.
నేను ముప్పయ్యొక్క ఏళ్ళు
యాబ్లోనెత్స్ కార్ఖానాలో పూసలు జల్లించినదాన్ని.
బస్తాల్లో చూశాను, గోనెల్లో తూచాను,
బూట్లలోంచి దులుపుకున్నాను.
నా మెడకని ఒక్క వరస గుచ్చుకోలేదు.
మిఠాయి కొట్టువాడు లడ్డూ కొరకనట్టు.

క్వేటుషె అప్పుడే మొదలెట్టేసింది,
మంచులోంచి తలెత్తే పసుపు పువ్వు.
జ్దిస్లావా, ఎర్ర రొమ్ము పిట్ట.
ఇంకెవరో గోడమీది నాచు,
ఆకుపచ్చలో పదకొండు రకాలు కావాలని గొడవ.

నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను.
ఎనభై మూడో అడుగు దగ్గర
కట్టెల మోపులో ఒక స్ప్రూస్ దుంగ.
బెరడు పట్టి లాగితే
మానిన పుండు మీది చెక్కులా ఊడొచ్చింది.
కింద రాత.
నిలువుగా ఒక గీత, దానికి అటూ ఇటూ
చెయ్యి తిరిగిన లేఖకుడెవరో
తీరిగ్గా రాసినట్టు సన్నటి వంకర్లు.

మా కొండల్లో ఆ పురుగు పేరు
అన్నం ముందు ఎవరూ ఎత్తరు.
అది తిన్న కొండలు కిటికీలోంచి కనిపిస్తాయి,
బూడిదరంగు కొరతల్లా నిలబడి.
అయినా బెరడు ముక్క కోటు జేబులో వేసుకున్నాను.
దొంగతనం చేసినట్టే ఉంది.

గోధుమరంగు ఫెల్టు గుడ్డ, మైనం రాసిన దారం.
రెండు పూసలు ముందుకి, ఒకటి వెనక్కి,
మళ్ళీ రెండు ముందుకి.
పురుగు తొలిచినంత నెమ్మదిగా నేను.
సూది బెజ్జం కనపడక
దీపం రెండుసార్లు మార్చాను.
అది మాత్రం చీకట్లోనే రాసింది కదా, అనుకున్నాను.

బుధవారం బల్ల మీద పెట్టాను.
మాటలు తగ్గాయి.
ద్రహోమీరా ఉందని అప్పుడు గుర్తొచ్చింది.
ఆమె మొగుడు వ్రాతిస్లావ్ అడవి కాపరి.
తను నాటిన చెట్లకే
తన చేత్తో ఎర్ర గుర్తులు పెట్టాడు, మూడు ఎండాకాలాలు.
నాలుగోది చూడలేదు.

గుడ్డ తీసుకుని కిటికీ దగ్గరకి వెళ్ళింది.
గోటితో ఒక వంకర వెంట నడిచింది, చివరిదాకా.
నేను రొట్టె పళ్ళెం వైపు చూస్తున్నాను.

"తప్పు" అంది.
"క్షమించు" అన్నాను.
"అది కాదు బ్లజెనా.
పిల్లపురుగు తింటూ తింటూ లావెక్కుతుంది.
దారి కూడా దానితో పాటే వెడల్పవుతుంది.
నువ్వు మొదటినుంచీ చివరిదాకా
ఒకటే పూస వాడావు."

పళ్ళెం అంచున రాలిన చక్కెరలో
వేలితో గీసి చూపించింది:
వెంట్రుకలా మొదలై, అగ్గిపుల్లై, చిటికెనవేలై.
"పదేళ్ళు ఆయన ఇదే గీసేవాడు, వంటగది బల్ల మీద."
ఆ చెయ్యి వణకలేదు. నాదే వణికింది.

ఇంటికొచ్చి మొత్తం ఊడదీశాను.
పూసల లెక్క తలకిందులు:
అంకె పెరిగినకొద్దీ గింజ చిన్నది.
పదిహేనుతో మొదలుపెట్టాను, ఆవగింజలో సగం.
తర్వాత పదకొండు. చివర్న ఎనిమిది.
శనివారాలు ద్రహోమీరా వచ్చి
సాసర్లలో గోటితో వేరు చేసి పెట్టేది.
ఎక్కువ మాట్లాడుకోలేదు.
మంచు కరిగిపోయింది, గడువూ పోయింది,
ఎవరూ ఏమీ అనలేదు.

ఆఖరి వంకర చివర, పురుగు నిద్రపోయే గది.
"ఇక్కడ ఒక్క ఎర్ర పూస పెట్టనా?
పెద్దది, మెరిసేది?"

సూది నా చేతిలోంచి తీసుకుంది.
"ఖాళీగా వదిలెయ్" అంది.
"ఎగిరిపోయింది కదా."