బొడ్డు కింద దారం

హల్‌లో నవంబరు. నాలుక్కే చీకటి.
హంబర్ మీది గాలి
ల్యాబ్ కిటికీని తడి చేత్తో తడుతోంది.
బల్ల మీద గాజు పలక:
మోరీన్ ఆస్క్యూ, అరవై రెండేళ్ళు,
హెస్సిల్ రోడ్డులో చేపలు వేయించే కొట్టు.

ఆమెను నేను చూడలేదు, చూడబోను.
ఆమెలోంచి తీసిన గోరంత ముక్క మాత్రం
రెండు రోజులుగా నా కంటి కింద ఉంది
గులాబీ, ఊదా రంగులు పులుముకుని.

జనవరిలో నెత్తురు పడితే ఇన్‌ఫెక్షన్ అన్నారు.
మార్చిలోనూ అదే మాట, వేరే మాత్రలు.
జూన్‌లో, ఈ వయసు ఆడవాళ్ళకి మామూలేనన్నారు.
"చేప ఒంటి జిగురు లాంటిది పోతోంది" అని ఆమె అంటే
ఎవరో కొటేషన్ గుర్తుల మధ్య రాసుకుని
పేజీ తిప్పేశారు.

లెన్సు మారుస్తాను.
జిగురు మడుగులు. అందులో ఒంటరిగా తేలే కణాలు,
కేంద్రకం ఓ పక్కకి ఒత్తుకుపోయి
రాయి పొదిగిన ఉంగరాల్లా.
పేగు పోలిక. అచ్చం పేగు పోలికే.
కానీ పేగంతా గొట్టం వేసి చూశారు, శుభ్రంగా ఉంది.
ఆరు రంగుల పరీక్షలు వేశాను.
మూడు పేగే అన్నాయి, రెండు కాదన్నాయి,
ఒకటి గోడ మీద పిల్లి.

పక్క గది గ్రెయింజర్ వచ్చి చాలాసేపు చూశాడు.
"ఇలాంటిది నా సర్వీసులో రెండోది."
"మొదటిదేమైంది?"
కప్పు కడుక్కోడానికి లేచాడు.

గడ్డ మూత్రాశయం నడినెత్తిన ఉందట.
పుట్టకముందు అక్కణ్ణించి బొడ్డు దాకా
ఒక సన్నని గొట్టం. తర్వాత ఎండి దారమైపోతుంది.
అందరిలోనూ ఉంటుంది, ఏ పనీ లేకుండా.
మంత్రసాని కోసింది బయటి కొస.

మా వైపు పేగు తెంచుకు పుట్టడం అంటారు.
ఇంగ్లీషు రిపోర్టులో ఆ మాటకి చోటు వెతుక్కుంటూ
కాసేపు ఉత్తినే కూర్చున్నాను.
"ఖాయం" అని టైపు చేసి చెరిపేశాను.
"కావచ్చు" అని రాస్తే వేళ్ళకి సిగ్గేసింది.
రేపు పలక లీడ్స్‌కి పోతుంది, ఇంకో జత కళ్ళ కోసం.
మాకది పది పనిదినాలు.
ఆమెకెన్ని రాత్రులో.

లైటు ఆర్పబోతూ ఫైలు మళ్ళీ తెరిచాను.
నలభై ఏళ్ళు హాడాక్ కడిగిన చేతులు.
జిగురంటే ఏమిటో ఆమెకి తెలీదా?
కొటేషన్ గుర్తులు తీసేసి
ఆ వాక్యాన్ని
రిపోర్టు మొదటి వరుసలో పెట్టాను.