రేకుకి లైనింగ్

మాధవరం లారీ స్టాండు వెనక
మా స్కూలు యూనిఫారాల షెడ్డు.
నలభై అడుగుల పొడుగు, ఇరవై రెండు వెడల్పు,
పైన రేకు, పక్కన రేకు,
గోడ అనదగ్గది వెనకున్న ఒక్కటే,
అదీ పక్కవాడిది.

కత్తిరి ఎండలు మొదలైన నాలుగో రోజు
పెంచలమ్మ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసి
"ఇది కాలిందో లేదో తెలవడం లేదమ్మే,
అంతా ఒకటే కాక" అంది.

ఆ రాత్రి ఫోన్లో వెతికాను.
వేడి ఆపే షీట్లు.
వెండి రంగువి, బుడగలవి,
పసుపుపచ్చ దూదిలా ఉబ్బినవి.
నాలుగు మిల్లీమీటర్లు, ఎనిమిది, పది.

వైశాల్యం ఎంత అని అడిగింది.
తెల్లారి సెల్వి నిచ్చెన పట్టుకుంటే ఎక్కాను,
మెడలో టేపుతో.
నడుములూ చంకలూ తప్ప కొలవని
అరవై అంగుళాల టేపు,
సుద్దముక్కతో గీసి, జరిపి, మళ్ళీ గీసి.
వాలుకి ఎంత కలపాలి?
భుజం వాలుకైతే తెలుసు.

భవనం దేనికి వాడతారు?
కిందికి జాబితా విప్పుకుంది.
గోడౌను. కార్ల షెడ్డు. కోళ్ళ ఫారం. ఇతరాలు.
పైకీ కిందికీ రెండుసార్లు జరిపి చూశాను.
'ఇతరాలు' నొక్కాను.

కాసేపటికే కంపెనీ కుర్రాడి ఫోను.
తమిళంలో మొదలుపెట్టి, నా తమిళం విని
తెలుగులోకి దిగాడు. సూళ్ళూరుపేట వాడంట.
"ఎనిమిది మిల్లీమీటర్లది తీసుకోండక్కా.
గుమ్మిడిపూండిలో ఒకాయనకి వేశాం,
అంతకు ముందు రోజుకి పది కోళ్ళు పోయేవంట,
ఇప్పుడు ఒకటో రెండో."
నాకు పదకొండు మంది, అన్నాను.
"పదకొండు వేలా అక్కా?" అన్నాడు.

బుట్టలో వేస్తే మొత్తం చూపించింది.
జూన్ వచ్చేదాకా స్కూళ్ళు పైసా ఇవ్వవు.
చదరపు అడుగులు తగ్గించుకుంటూ వచ్చాను,
గుడ్డ చాలనప్పుడు చేతులు పొట్టి చేసినట్టు.
సరిగ్గా సగం దగ్గర నా డబ్బు ఆగింది.

ఏ సగం?
ఉత్తరం వైపు తొమ్మిది మిషన్లు.
దక్షిణాన ఇస్త్రీ బల్ల,
కాజాలు కుట్టే మస్తాన్ బీ ముక్కాలి పీట.
లెక్కయితే తేలికే, తొమ్మిది పెద్దది.
కానీ నిప్పు పట్టుకుని నిలబడే మనిషిని
ఏ లెక్కలో కలపాలి?
చివరికి బల్లనీ పీటనీ కూడా ఉత్తరానికే ఈడ్చాం.
మడతపెట్టిన చొక్కాలకి ఉక్కపొయ్యదు కదా,
వాటిని ఎండకి వదిలేశాం.
మోచేతికి మోచెయ్యి తగులుతోంది ఇప్పుడు.

ఆరో రోజున చుట్టలు దిగాయి,
మనిషెత్తు.
ఇద్దరు పట్టాలనుకుంటే
సెల్వి ఒక్కతే చంకన పెట్టుకుని నడిచేసింది.
ఎండని ఆపేది ఇంత తేలికైనదా!
మెరుపు వైపు పైకా, లోపలికా అని
మేం తల గోక్కుంటుంటే
"మెరుపు ఎండకేసి, మెత్తన మనకేసి,
లైనింగ్ ఎరగరా?" అంది పెంచలమ్మ.

నెలాఖరున ఒక సాయంత్రం వాన.
ఇదివరకైతే రేకు మీద వాన పడితే
సైగలతోనే మాటలు. దారం రంగు అడగాలన్నా
రిబ్బను ఎత్తి చూపాలి.
ఈసారి నెత్తిన ఏదో దుప్పటి దులిపినట్టు, అంతే.
ఆ మెత్తదనం కింద
ఎవరో పాడుతున్నారు.

ఒక్కో మిషనూ ఆగింది.
పెంచలమ్మ. కళ్ళు కాలర్ మీద,
పెట్టె ముందుకీ వెనక్కీ, దాని వెంట గొంతు.
ఏడేళ్ళుగా ప్రతి వానకీ పాడుతూనే ఉందేమో,
మాకేం తెలుసు.

తలెత్తి చూసింది.
నోరు టక్కున మూసుకుంది.
"ఏంది, కరెంటు పోయిందా?"

మళ్ళీ వాన పడ్డ రోజు చూద్దును కదా,
ఇస్త్రీ బల్ల లేదు మా మధ్య.
అటు, వట్టి రేకు మోగిపోతున్న సగంలో,
చొక్కాల గుట్టల వెనక,
ఆమె పెదాలు కదులుతున్నాయి.