పై కట్టె

రెండే దిమ్మెలు. పైన అడ్డకట్టె లేదు.
జాడి మొగిలి, టింబర్‌మెన్,
గనిల పక్కకు పడేసిన కట్టెలు భుజాన మోసుకొచ్చి
ఎనిమిది అంగలు కొలిచి పాతిండు.
మూడోది అడిగితే నవ్విండు:
"దినాం ఎనిమిది గంటలు పైకప్పు గురించే ఆలోచిస్త,
ఈడ గూడ ఎందుకు బిడ్డా?"

అందుకే మందమర్రిల మా కొట్లాటలన్నీ
ఆకాశం కాడనే.
భూలక్ష్మి కొట్టిన బంతి నా చేతులకు అందకుంట పోతే
"పైనుంచి పోయింది" అంట నేను.
"లోపట్నే" అంటది అది.
రెండో షిఫ్టు సైరన్ మోగేదాక తెగదు.

నేను గోల్‌కీపర్ని.
పేపరోళ్లు రాసింది నేనూ చదివిన:
నలభై మూడు గోల్స్, ఐదు రంగుల జెర్సీలు.
నా లెక్క వేరు.
కుడిచేతి చిటికెన వేలు, ఏడో తరగతి.
వంకర ఇంకా పోలే.

ఒక ఆదివారం వాళ్ల బాపు
ఇనుప కడ్డీతోటి ఇంటి గోడ కొట్టి చూపిండు.
గట్టిగున్న కాడ టంగుమన్నది,
డొల్లగున్న కాడ డుబ్బుమన్నది.
"కప్పు కూలేముందు చెప్తది.
ఇన్నోడు ఇంటికొస్తడు."
నేను గోడ పెచ్చు ఊడిందని చూసిన.
అది ఇన్నది.

అప్పట్నుంచి డిఫెండర్ల నడుమ
కదలకుంట నిలబడుడు నేర్చుకున్నది.
చూసేటోళ్లకు బద్ధకం లెక్క కొడ్తది.
కాని లోపట ఎవరికీ కనబడని కడ్డీతోటి
ఆ నలుగురి వరుసను తడుముతనే ఉంటది.
యాడ డుబ్బుమన్నదో ఆడికి
బంతి కన్న ముందు చేరుతది.

బెంగళూరుల మొదటి కాంట్రాక్టు పదకొండు నెలలు.
పన్నెండో నెల ఏం తినాలె అని
అడుగలే, సంతకం పెట్టింది.
కోజికోడ్ కామెంటేటర్ దాని పేరును
ప్రతిసారి ఒక కొత్త తీరుగ ఇరగ్గొట్టేటోడు.
నేను మీసేవ కౌంటర్ కింద ఫోన్ పెట్టి
కరెంటు బిల్లులు కట్టుకుంట చూసేదాన్ని.
ఎనభై ఎనిమిదో నిమిషం, గోల్.
సంతోషం కన్న ముందు
నేల మీద పడి ఉన్న ఆ అవతలి పిల్ల మీద జాలైంది.
నాకు ఎరుకే చెల్లె,
ఎడమకు చూస్తది, కుడికి కొడ్తది.
రసీదు మీద రెండుసార్లు ముద్ర కొట్టిన.

భువనేశ్వర్ల వాన.
ఎవరూ తగల్లే, ఎవరూ తన్నలే.
తాను మళ్లింది, మోకాలు మళ్లలే.
"డుబ్బుమన్నది" అన్నది ఫోన్ల. అంతే.
శానసేపటికి అడిగిన,
ముందుగల్ల చెప్పలేదా అని.
"చెప్పింది. మూడు వారాల నుంచి చెప్తనే ఉన్నది.
బెంచీ మీద ఇద్దరున్నరే, పంతొమ్మిదేండ్లోళ్లు.
ఎవరికి చెప్పుదు?"

తొమ్మిది నెలలకు తిరిగొచ్చి
ఆఖరి ఇరవై నిమిషాల మనిషైంది.
రెండు సీజన్లు.
తర్వాత ఒక మెసేజి,
చివర్ల రెండు చేతులు జోడించిన బొమ్మ.

మొన్న మే నెలల వచ్చింది,
మోకాలుకు నల్ల పట్టీ, సంచిల బంతి.
మైదానం సగం ఓపెన్‌కాస్టు మట్టిగుట్ట కింద పోయింది.
ఒక్క దిమ్మె నిలబడి ఉన్నది.
రెండోదానికి నా చెప్పులు పెట్టినం.
ఎనిమిది అంగలు అదే కొలిచింది,
మొగిలి బాపు తీరుగ, పెదవులు కదిలిచ్చుకుంట.

ఎడమకు చూసింది.
నేను కుడికి దుంకిన.
పదిహేడేండ్లకు మొదటిసారి సరిగ్గ దుంకిన,
దొరకలే.

"పైనుంచి పోయింది."
"లోపట్నే."
ఇద్దరం సైరన్ కోసం ఆగినం.
గని మూతబడి మూడేండ్లైందని
కొంచెంసేపు ఇద్దరికీ యాదికి రాలే.

బంతి గుట్ట అవతల పడ్డది.
తెచ్చుడు ఎవరి వంతన్నది
ఇంకో కొట్లాట.