ఐదు వంతుల కన్నాలు

బెజాన్సోఁలో నవంబరు. దూ నది మీది పొగమంచులో
వంతెన సగానికే ఆగిపోయింది.
నేలమాళిగ గదిలో సొలాంజ్
గాజు పలక మీద పూసిన వెండికి
చిల్లులు పెడుతోంది.

పూత మందం ఎంతంటే,
తల వెంట్రుకను నాలుగు వందల పొరలుగా చీలిస్తే
అందులో ఒక్క పొర.
చిల్లు అంతకన్నా సన్నం.
గాలియం అయాన్ల మొన తొలిచి, జరిగి, మళ్లీ తొలిచి,
వరసకు వంద, వంద వరసలు.
కాఫీ చల్లారి మీగడ కట్టింది.

వాళ్ల అమ్మమ్మ ఎర్మాన్స్ కూడా చిల్లులే పెట్టేది,
గడియారాల కెంపులకు.
ఆవగింజలో సగముండే రాయి, ఇరుసు పట్టేంత బెజ్జం,
వజ్రపు పొడి, నూనె, మంచి కన్ను ఒకటి.
రెండోది ముప్పై ఏళ్లకే మసకేసింది.
పని ముగిశాక రాయిని దీపానికెత్తి చూసేదట:
వెలుగు గుండ్రంగా దిగితే కూలి,
కోలగా దిగితే కోత.

సొలాంజ్ చిల్లులోంచి అసలేదీ దిగకూడదు.
ఎర్ర వెలుగు అలకు ఈ కన్నం
ఏనుగుకు ఎలక బొక్క.
పాత లెక్క అదే చెబుతుంది.
నిన్న ఒంటి చిల్లు పెట్టి చూసింది:
నోరు మెదపని నలుపు.

ఇవాళ పదివేలు.
దీపం వేసింది. తెర మీద గీత
ఎరుపు దగ్గర కొండలా లేచి కూర్చుంది.

మొదట తన్నే తిట్టుకుంది.
పూత చిరిగిందేమో, అంచున వెలుతురు కారుతోందేమో.
తుడిచింది. తిప్పి పెట్టింది.
కోటు విప్పి తలుపు సందులో కుక్కింది.
కన్నాలన్నీ కలిపినా వెండిలో నూటికి ఐదు వంతులు.
వస్తున్న వెలుగు పది.
పిండి కొద్దీ రొట్టె అన్న మాట
ఈ గదిలో చెల్లలేదు.

పై అంతస్తు నుంచి ఇహాబ్ దిగొచ్చాడు,
స్ఫాక్స్ కుర్రాడు, నిద్ర మొహంతో.
"కన్నాల మీద పడ్డదే కాదు,
గోడ మీద పడ్డదీ వస్తోంది," అన్నాడు.
వెండి ఒంటి మీద ఎలక్ట్రాన్లు అలలై కదిలి
దారి లేని వెలుగును
బెజ్జం దాకా నడిపించి అవతల దించుతాయట.
వరస ఉంటేనే. ఎడం సమంగా ఉంటేనే.

పూర్తిగా నమ్మలేదామె.
ఇంకో పలక తీసి, ఎడం
ఆరు వందల నానోమీటర్ల నుంచి ఐదు వందలకు తగ్గించింది.
చిల్లు అదే.
తెల్లవారుజామున మైక్రోస్కోపులోకి వంగితే
పచ్చ. ఏ రంగూ పూయని చోట
పచ్చి బఠానీ పచ్చ.

ఏ కన్నుతో చూస్తోందో అప్పుడు గమనించింది.
ఎడమది. అమ్మమ్మకు మిగిలిన వైపు.

నోటుపుస్తకంలో అంకె పెన్సిలుతో రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది,
చెరిపింది, మళ్లీ పెట్టింది,
కోటు కోసం తలుపు దగ్గరికి వెళ్లింది.