మూడు మీటర్ల ముద్దు

ఆదివారం పొద్దున్నే మాద్రిద్ పాతసామాన్ల సంతలో
వాలు వీధి దిగుతూ మోకాళ్ళతో బేరమాడతాను:
ఇంకో పది అంగలు, ఇంకో పది, ఎలోయ్ కొట్టు దాకా.
నన్ను చూడగానే అతను బల్ల కిందికి వంగుతాడు.
మంచి సరుకు ఎప్పుడూ బల్ల కిందే.
మా కాలంలో అన్నీ అక్కడే ఉండేవి.

ఈసారి తీసింది వలెన్సియాలో మూతబడ్డ హాలుది,
యాభై ఏడు వరదలో నానిన పోస్టరు.
అడుగున బెత్తెడెత్తున బురద గీత,
నది వేలిముద్ర వేసి పోయినట్టు.
"ఇలాంటిది ఇంకొకటి లేదు, దోన్యా ప్రుదెన్సియా."
ఆ మాట ప్రతివారం అంటాడు.
ఈసారి నిజం.
ఆ సినిమా పేరు నేను టైపు కొట్టాను.

పందొమ్మిదేళ్ళు అప్పుడు నాకు.
మూడో అంతస్తు, కిటికీకి వీపు పెట్టిన కుర్చీ.
తెర ఉన్న గదిలోకి ఆడపిల్లలకు ప్రవేశం లేదు.
లోపల ఫాదర్ ఇలారియో, ఒక కర్నలు,
ఎప్పుడూ దగ్గే ఒక పంతులు.
బయట నేను, నా యంత్రం, కార్బన్ కాగితాలు.
తలుపు సందులోంచి చీటీలు వచ్చేవి:
నాలుగో రీలు. ముద్దు. మూడు మీటర్లు తీసేయాలి.
ఆరో రీలు. మోకాలు. మీటరున్నర.
ఏడో రీలు. నవ్వు.
నవ్వుకి కారణం రాయలేదు.

ముద్దుని గుడ్డలా కొలుస్తారని అప్పుడే తెలిసింది.
అమ్మ నా గౌనుకి కొన్నదీ మూడు మీటర్లే.
రాత్రి పక్కమీద లెక్కేశాను:
ఆరు సెకన్లు, పైన ఒక రెప్పపాటు.
కళ్ళు మూసుకుని ఆరు దాకా ఊపిరి బిగబట్టాను.
చాలా పొడుగ్గా ఉంది.

ఒకసారి ఒక ప్రేమజంటను అన్నాచెల్లెళ్ళని చేశారు,
మాటలు మార్చి, చూపులు మార్చలేక.
ఆ చెల్లెలు ఆ అన్నని చూసిన చూపుకి
హాలు హాలంతా సిలువ గుర్తు వేసుకుందని
టిక్కెట్లు చింపే రెమెడియోస్ పొట్ట పట్టుకుని నవ్వింది.
చిన్న పాపాన్ని కడగబోయి పెద్దదాన్ని కన్నారు.

పోస్టర్లకి వేరే చీటీ. అదీ నేనే కొట్టాను.
భుజాలు కప్పాలి.
రెండే మాటలు. కాపీలు మూడు. తప్పులు లేవు.
తప్పులు లేవని కర్నలు మెచ్చుకున్నాడు.
ఆ మెప్పు ఇప్పటికీ
నల్లకోటు మీద సున్నంలా, దులిపినకొద్దీ అంటుతుంది.

ఇదిగో, ఆ భుజాలు.
వరదకీ కరగని నూనెరంగుతో
ఎవరో నల్లగా కప్పేశారు.
"మందు రాస్తే పోతుంది.
కింద అసలు బొమ్మ భద్రం. ధర రెట్టింపు"
ఎలోయ్ అప్పుడే సీసా మూత తిప్పుతున్నాడు.

ఆగమని భూతద్దం తీశాను.
శాలువా కాదది, లేసు.
వానొస్తే ఊడిపోయే కాగితానికి,
పైవారం మీద ఇంకోటి అంటించే గోడకి,
ఎవడో పనిగట్టుకు కూచుని
వెంట్రుకంత కుంచెతో కన్ను కన్నుగా అల్లాడు.
ప్రతి కన్నులోంచీ
చుక్కంత భుజం.
కప్పమన్నారు, కప్పాడు.
లేసన్నాక కన్నాలుంటాయి కదండీ, అని ఉంటాడు
టోపీ చేతిలో పట్టుకుని, అమాయకంగా.

నా వేలి కిందా ఒక చుక్క ఉండేది.
అంకెల వరసలో, కుడిచేతి వైపు.
మూడుకి ముందు అది ఒక్కసారి పడి ఉంటే
మూడు మీటర్లు ముప్పై సెంటీమీటర్లయ్యేది.
టైపు పిల్ల తప్పనుకునేవారు, తిట్టేవారు, అంతే.
అయిదున్నర సెకన్ల పైచిలుకు
ఆ ఇద్దరూ ఇంకా అక్కడే ఉండేవారు.
నేను ఆ సినిమా చూడలేదు.
వాళ్ళ మొహాలు కూడా ఇప్పుడే చూడటం.

మందు వద్దన్నాను.
పెన్షన్లో సగం ఇచ్చాను, ఎలోయ్ లెక్కపెట్టుకోలేదు.
బస్సులో చుట్టని ఒళ్ళో పెట్టుకుంటే
పక్క కుర్రాడు కిటికీవైపు సీటు ఇచ్చాడు.

రాత్రి దీపం దగ్గరికి లాగి మొదలుపెట్టాను.
ఎడమ భుజం మీద
రెండు వందల పద్నాలుగు కన్నాలు.
కుడి భుజం
రేపు.