మోత

ఆటకు జీతమిచ్చే లీగు
మొన్ననే మా హనుమకొండకొచ్చింది.
దానెంబడి ఒక కాయితం గూడ:
తాకకుండ పడితే మొదలు హెచ్చరిక,
మల్ల పడితే ఐదువేలు కోత.
చూసి చెప్పవల్సింది నేను.

ముప్పయ్యేండ్లు కాజీపేట లోకోషెడ్డుల
చక్రాన్ని సుత్తెతోటి కొట్టి, మోత విని,
పగులున్నదా లేదా చెప్పినోన్ని.
మనిషి మోత ఇనుము మోత లెక్క ఉండదు.

రాయపురెడ్డి ఆరడుగుల నాలుగంగుళాల పోరడు.
కరీంనగరోని మోచెయ్యి ఇంకా జానెడు దూరముండంగనే
తాటిమట్ట ఇరిగినట్టు వెల్లకిల పడ్డడు.
రెండు గజాలు జారిండు.
"అవ్వో" అన్నడు
గ్యాలరీ ఆఖరి మెట్టుకినబడేటట్టు.
కిందపడ్డా పైచెయ్యి నాదేనన్నట్టు
ఆ చెయ్యి అప్పటికే లేచి నన్ను పిలుస్తున్నది.

ఈలేసిన. కోత రాసిన.
"పడకుంటె మీరు చూడరు గద సార్"
అని గొణిగి పోయిండు.

షెడ్డుల సామ్యేలు ఇంజను మీదికెల్లి పడ్డనాడు
చప్పుడే కాలే.
లేచి, లాగు దులుపుకొని, చుట్టూ చూసిండు
ఎవరన్నా చూసిండ్రేమోనని.
డ్యూటీ దిగినంక బూటు ఊడి రాలే,
కత్తెరతోటి కోసి తీసినం.
రాయపురెడ్డి గూడ పడి, చుట్టూ చూసిండు
ఎవరన్నా చూసిండ్రా అని.
గా రెండు చూపుల నడుమ వెంట్రుకవాసి జాగ.
అండ్ల నిలబడి ఈలెయ్యమంటరు నన్ను.

ఆఖరి రెండు నిమిషాలు.
రింగు కింద నలుగురు ఎగిరిండ్రు,
ముగ్గురు దిగిండ్రు.
రాయపురెడ్డి మోకాళ్ల మీద కూలి, అట్లనే లేచి,
నోరు మూసుకొని ఉరికిండు.
చెయ్యెత్తలే. నా మొకం చూడలే.
"మల్ల షురూ చేసిండు!" అని గ్యాలరీ నవ్వింది.
నా ఈల పండ్ల నడుమనే ఉన్నది.

గంట కొట్టినంక
నీళ్ల పంపు కాడ వాడు ఉమ్మితే
సిమెంటు మీద ఎర్రగ,
అండ్ల బియ్యపుగింజంత పంటిముక్క.
కాలుతోటి నీళ్లు తోసి కడిగి పోయిండు.
కోత మాఫీ జెయ్యమని గూడ అడగలే.

ఫాతిమానగర్ బ్రిడ్జి మీదికెల్లి ఇంటికొచ్చి
సబ్బు పెట్టి ఈల కడిగిన.
లోపటి గింజ ఆరిందాక ఊపి
చెవికాడ పెట్టుకున్న.
కింద ఏదో గూడ్సు పోతున్నది.
పగులున్నదో లేదో
దెలుస్తలేదు.