మీటరుకు సెంటీమీటరు

లెక్క సులువే.
మీటరు గేజి గదా, నూటికి ఒకటి చేస్తే
సరిగ్గా సెంటీమీటరు.
నా చూపుడువేలి గోరు వెడల్పున
మా గువ్వలమిట్ట లైను వచ్చి కూచుంటాది.

డోన్‌లో సైకిల్ షాపు నాది.
పంక్చర్లు అయిపోయినాక, షట్టరు సగం దించి
పాత తలుపు చెక్క మీద పట్టాలు పరుస్తా.
పట్టాలంటే స్పోకులు.
లావెక్కువే, లెక్కకు నిలబడవు.
స్లీపర్లు అగ్గిపుల్లలు, తలలు గిల్లేసినవి.
కాలిన ఇంజనాయిల్లో రెండ్రోజులు నానబెడితే
ఎండకు కమిలిన తారు వాసన
కొంచెం, దొంగమాదిరి, వస్తుంది.
కంకరకు బేతంచెర్ల నుంచి మద్దిలేటి
పాలిష్ మిషను కింది రాతిపొడి తెచ్చిచ్చినాడు.
"ఏం కడుతున్నావ్ రా?" అన్నాడు.
"పోయిన దారి" అన్నా.
వాడు బీడీ ఆర్పి
చెప్పులిడిచి లోపలికొచ్చినాడు.

నాయన పాయింట్స్‌మన్.
ఆగని బండి వచ్చినప్పుడు
వెదురు చట్రానికి టోకెన్ తగిలించి, చెయ్యి చాచి నిలబడితే
డ్రైవరు దాంట్లోకి మోచెయ్యి దూర్చి లాక్కుపోయేవాడు,
తన చట్రం విసిరేవాడు.
ఆ దెబ్బకు నాయన భుజం కింద ఎప్పుడూ
నేరేడుపండు రంగు.
రాత్రి అమ్మ వెచ్చటి ఆముదం రాస్తుంటే
"ఈ పొద్దు మెయిలు బండి తగిలిందే" అనేవాడు,
చుట్టం వచ్చి పోయినట్టు.

నూటికి ఒకటి చేస్తే నాయన
ఒకటిన్నర సెంటీమీటరు, ఇంకొంచెం.
రాగి వైరు చుట్టి చేసినా. చెయ్యి చాచే ఉన్నాడు.
నేరేడు రంగు పుయ్యడానికి
అంత సన్న కుంచె నా దగ్గర లేదు.

ఆఖరి బండి పోయిన సాయంత్రం
నిచ్చెనెక్కి సిగ్నలు దీపం ముట్టించినాడు.
ఎవురికని ఎవురూ అడగలేదు.
కిరసనాయిలు అయిపోయేదాకా అది వెలిగింది.
తర్వాత పట్టాలు పీకి లారీలకెత్తినారు,
కొత్త లైను అవతలి దిక్కున వేసినారు.
కట్ట మాత్రం ఉండాది.
ఇప్పుడు దాని మీద గొర్రెలు పోతాయి,
ఎవురు నేర్పినారో,
ఒకదాని వెనక ఒకటి.

పోయిన శుక్రవారం హుస్సేనమ్మ వచ్చింది,
మనవడి సైకిల్ చైను తెగిందని.
స్టేషన్లో సీతాఫలాలు అమ్మేది ఆమె,
కాలం కాకుంటే ఉడకేసిన చెనిక్కాయలు.
చెక్క మీదికి వంగి
కళ్ళద్దాలు ముక్కు కొసకు దించి చానాసేపు చూసింది.
"యాప మాను ఆ పక్క గాదబ్బీ, ఈ పక్క.
పొద్దుగూకేటప్పుడు నీళ్ళ ట్యాంకు నీడ
మాస్టరు గది గడప మీద పడేది."
ఆనెక, "నా గంప యాడ?"

నాకు నోరు రాలేదు.
సిగ్నలు నిచ్చెనకు ఎన్ని మెట్లో గుర్తుంది.
టికెట్ కిటికీకి ఎడమ ఊచ వంగి ఉండేది, అదీ గుర్తుంది.
గంప మర్చిపోయినా.

ఆమె చేతిసంచిలో పొట్లం విప్పి
ఒక్క శనగబేడ తీసి
ప్లాట్‌ఫారం అంచున పెట్టింది, ఉబ్బు పైకి,
గంప నిండుగా ఉన్నట్టు.
"అదో. బండి కూతేస్తే చాలు మీ నాయన అరిచేవాడు,
'హుస్సేనమ్మా, గంప జానెడు ఎనక్కి!'
జానెడే. రెండు జానలు ఏ పొద్దూ అడగల్యా."
చైనుకు డబ్బులు వద్దన్నా ఇచ్చేసి పోయింది.

ఇంజను చెయ్యలేదింకా.
చూసినోళ్ళందరూ మొదట అదే అడుగుతారు.
చేస్తే కదలాల.
కదిలితే పోవాల.
చెక్క చూస్తే నాలుగడుగులు.

నిన్న రాత్రి పదకొండు దాటినాక
షాపు వెనక కొత్త లైను మీద గూడ్సు పోయింది,
సిమెంటో, బొగ్గో, యాభై ఎనిమిది పెట్టెలు.
షట్టరు అదిరింది. డబ్బాలో బేరింగు గుండ్లు
ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

పొద్దున వచ్చి దీపం వేస్తే
నాయన చెయ్యి చాచే ఉన్నాడు.
శనగబేడ మాత్రం
నువ్వుగింజ వెడల్పంత జరిగింది,
అంచు నుంచి లోపలికి.

స్కేలు పెట్టి కొలిచినా.
నా లెక్కలో
జానెడు.